బుర్రకథా పితామహుడు షేక్ నాజరుగారి జీవితము

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిండి రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్రము వ్రాసి యీయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. జమాఖర్చులు వ్రాసికొను చేతితో చరిత్రము వ్రాయబూనుట సాహసమే యైనను, వారి మాట తీసివేయజాలక సమ్మతించితిని. తిక్కనను గూర్చియో శ్రీనాథుని గూర్చియో వ్రాయుదునని పెద్దలు తలచియుందురు. ఆ మహాకవులను గూర్చిన గ్రంథములు మన బీరువాలలో పెక్కు గలవు. చదువ నేర్చినవారు చదువుకొనవచ్చును. చదువ నేర్వనివారికి సైతము వీరగాథలను చెవులార వినిపించి, పొలమునుండి అలసి వచ్చిన కాపును, కూలిని తెల్లవారుదాక కూర్చుండబెట్టిన కళాకారుడు షేక్ నాజరుగారు. వారిని స్మరించుట ఈ సీమకు తగియున్నదని నాకు తోచినది.

నాజరుగారి జీవితమున నేటి మనకు పనికివచ్చు విశేషమొకటి కలదు. వారు శాస్త్రీయ సంగీతము నభ్యసించిరి, నాటకరంగమున పేరు గడించిరి. ఆ విద్యలు వచ్చిన పిదప, తాము పుట్టి పెరిగిన పల్లెల పాటవైపు తిరిగిరి. చదువు వచ్చినవాడు పల్లెపాటను చిన్నచూపు చూచుట లోకమున సాధారణము. వీరు నేర్చిన విద్యనంతయు ఆ పాటకే కానుకగా సమర్పించిరి. ఆ తిరుగుదలయే వారి చరిత్రమునకు ప్రాణము.

జననము, బాల్యము

నాజరుగారు 1920వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లాలో తాడికొండకు చేరువనున్న పొన్నెకల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి షేక్ మస్తాను, తల్లి బీనాబీ. వారిది పేద కుటుంబము. దూదేకుట కులవృత్తిగా గల పింజారులని లోకము పిలుచు సమాజములో వారు పుట్టిరి. ఆ పేరును కొందరు చులకనగా వాడుదురు. నాజరుగారు మాత్రము కడపటి కాలమున తమ యాత్మకథకు 'పింజారి' అనియే నామకరణము చేసి, ఆ పదమునకు గౌరవము కల్పించిరి.

ఆంధ్రదేశమున దూదేకులవారు ఇంట తెనుగే మాటాడుదురు. మసీదులో నమాజు చేయుటయు, పీర్ల పండుగ జరుపుటయు, ఇరుగుపొరుగువారి భజనలలో గొంతు కలుపుటయు వారికి పరస్పర విరుద్ధములు కావు. దేవాలయములయందు నాదస్వరము వాయించు ముస్లిము విద్వాంసుల కుటుంబములు మన చిలకలూరిపేట ప్రాంతమున ప్రసిద్ధికెక్కినవి. కరవది గ్రామమున 1924లో జన్మించి దేశవిదేశములయందు కీర్తిగాంచిన షేక్ చిన్నమౌలానాగారు ఆ సంప్రదాయమువారే. కావున పొన్నెకల్లులోని పేద ముస్లిము బాలునకు తెనుగు సంగీతము పరాయిసొమ్ము కాదు. పుట్టుకతో వచ్చిన ఆస్తి.

ఆ కాలపు గుంటూరు పల్లెలలో సంగీతమునకు కొదువ లేదు. వేకువజామున తత్త్వములు పాడు బైరాగులు, శ్రీరామనవమి పందిళ్ళలో హరికథలు, పంటలు ఇల్లు చేరిన పిదప వీధినాటకములు, కోలాటములు. వీనిలో జంగముకథ ఒకటి. భుజముపై తంబుర, బొటనవ్రేలికి గుల్లయుంగరమైన అందె ధరించి ఒకడు కథ నడుపుచుండగా, ప్రక్కవారు గుమ్మెటలు వాయించుచు తందాన పలుకుదురు. అందుచేతనే దీనికి తందాన కథ యనియు పేరు. కాంభోజరాజు కథ, బాలనాగమ్మ కథ మున్నగునవి ఈ గాయకుల నోటనే తరతరములుగా నిలిచినవి. ఐనను వారికి లభించినది చేటెడు గింజలు, ఒక పాతబట్ట. అంతకు మించిన మర్యాద లేదు. పాట వినుటకు ఊరంతయు మూగును, తెల్లవారిన పిదప వారిని యాచకులనియే యెంచును.

సంగీతాభ్యాసము

బాలుడైన నాజరుగారి గొంతు ఇంపైనది. చిన్ననాడే వారు నాటకములలో వేషములు గట్టిరి. స్త్రీలు రంగస్థలమెక్కుట అరుదైన ఆ దినములలో స్త్రీపాత్రలకు మంచి గొంతుగల బాలురను ఎన్నుకొనుచుండిరి. పాదుకాపట్టాభిషేకమున కైకేయి మొదలగు పాత్రలను ధరించి వారు మెప్పు వడసిరి.

ఖాదరు అను హార్మోనియము విద్వాంసుడు ఆ బాలుని గొంతు గుర్తించి ప్రోత్సహించెను. పిమ్మట నాజరుగారు మన నరసరావుపేట చేరి, మురుగుళ్ళ సీతారామయ్యగారి యొద్ద కర్ణాటక సంగీతము నభ్యసించిరి. నేడు పల్నాడు జిల్లాకు కేంద్రమైన ఆ పట్టణము ఒక మహాకళాకారునికి స్వరజ్ఞానము ప్రసాదించిన దన్న సంగతి మనవారిలో పెక్కుమంది యెరుగరు. హిందూ గురువు, ముస్లిము శిష్యుడు, నడుమ త్యాగరాజస్వామి కీర్తనలు వెలసిన సంప్రదాయము. ఇంతకంటె చక్కని సంగమము వేరొకటి గలదా?

సంగీతశాస్త్రము నేర్చిన పేదబాలునకు ఆనాడు రెండు త్రోవలు గలవు. ఒకటి నాటకరంగము, రాగము తీసి పద్యము పాడగలవానికి అందు చప్పట్లు, బహుమతులు గలవు. రెండవది పిల్లలకు సంగీతము చెప్పుకొని కాలక్షేపము చేయుట. తంబుర భుజమున వేసికొని, కాళ్ళకు గజ్జె గట్టి, వీధిలో కథ చెప్పుట మూడవ త్రోవగా ఎవరికిని తోచదు. స్వరములు నేర్చినవాడు ఆ పని చేసిన, మెట్టు దిగినట్లే యని నాటివారి భావము.

తిరిగి పల్లెపాటకు

1940వ సంవత్సరము దాటిన పిమ్మట దేశమున పరిస్థితులు మారినవి. ఒక ప్రక్క రెండవ ప్రపంచ సంగ్రామము, మరియొక ప్రక్క స్వాతంత్ర్యోద్యమము. 1943లో వంగదేశమున ఘోరమైన కరువు వచ్చి ముప్పది లక్షల వరకు ప్రజలు మరణించిరని చరిత్రకారుల యంచనా. ఆ వత్సరముననే బొంబాయిలో భారతీయ ప్రజానాట్యసంఘము ఏర్పడినది. దాని శాఖగా తెనుగుదేశమున ప్రజానాట్యమండలి వెలసినది. దానికి డాక్టరు గరికపాటి రాజారావుగారు నాయకులైరి. ఇది కమ్యూనిస్టు పక్షమువారి ప్రోత్సాహమున నడచిన సంస్థ. మన గ్రంథాలయమున సర్వపక్షములవారును చందాదారులు గనుక ఆ రాజకీయముల జోలికి నేను పోను. చరిత్రమున జరిగినది జరిగినట్లు చెప్పుట మాత్రము లెక్కలు వ్రాయువాని ధర్మము.

ఆ సంస్థవారికి ఒక సమస్య యెదురైనది. ఊరూర ప్రజలకు సంగతులు చెప్పవలయును. పత్రికలు చదువగలవారు కొద్దిమందియే. నాటకమునకు తెరలు, దీపములు, వేషములు, బండ్లు కావలయును. జంగముకథకు కావలసినది ముగ్గురు మనుష్యులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు, నాలుగు బల్లలు. ఊరివారికది ఉగ్గుపాలతో నేర్చిన బాణీ. ఆ విధముగా పాత కథ క్రొత్త పనికి పూనుకొనినది. జంగముకథ, తందాన కథ యను పేర్లు క్రమముగా వెనుకబడి, బుర్రకథ యను పేరు దేశమంతట వ్యాపించినది.

సరిగా ఆ సమయముననే నాజరుగారు తంబుర చేతబట్టిరి. పద్యములు పాడిన గొంతు, స్వరములు సాధన చేసిన గొంతు, బాల్యమున వీధిలో విన్న బాణీకి మరలివచ్చినది. వచ్చినది రిక్తహస్తములతో గాదు. మునుపటి కథకులు ఒకటి రెండు వరుసలలోనే రాత్రియంతయు కథ నడుపుచుండిరి. నాజరుగారు కరుణ వచ్చినచోట కరుణకు తగిన రాగమును, వీరము వచ్చినచోట గతిని త్వరపరచి రౌద్రమును నిలిపిరి. నాటకరంగమున నేర్చిన అభినయము కన్నులలోను, అడుగులోను ఉట్టిపడెను. ఇంత చేసియు పల్లెపాట రుచిని వారు చెరుపలేదు. పాయసములో ఏలకుల పొడివలె శాస్త్రము కలిసినదే గాని, పాయసమును మింగివేయలేదు.

ఇట్టి మరలుపాటు ఇతర దేశీయులలోను గలదు. రవీంద్రనాథ ఠాకూరు మహాశయుడు షిలైదా ప్రాంతమున బావుల్ గాయకుల పాటలు విని ముగ్ధుడై, 1905లో వంగదేశ విభజన కాలమున తాను వ్రాసిన గీతమునకు గగన్ హర్కరా యను తపాలాబంట్రోతు పాట వరుసనే గ్రహించెను. ఆ గీతమే నేడు బంగ్లాదేశమునకు జాతీయగీతము. గొప్పవారు పల్లెపాటను చేరదీసినందున పల్లెపాట గొప్పది కాలేదు. అది గొప్పది గనుకనే వారు దానిని వెదకికొనుచు వచ్చిరి.

కథ చెప్పు తీరు

నాజరుగారి కథను చూడని నేటి బాలబాలికల కొరకు దాని స్వరూపమును కొంత వివరింతును. వేదికపై ముగ్గురు నిలుతురు. నడుమ కథకుడు, తలపాగ, పొడవైన అంగరఖా, నడుమునకు పట్టు, కాళ్ళకు గజ్జెలు. భుజముపై తంబుర, బొటనవ్రేలికి అందె. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలతో నిలుతురు. వారిలో ఒకడు హాస్యము చెప్పును. మరియొకడు కథలోని సంగతిని వర్తమాన లోకమునకు ముడిపెట్టి ప్రశ్నలు వేయును. అతనినే రాజకీయ వంత యందురు. కథకుడు నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనుకకు వేయుచు పాడును. పాట తెగినచోట వచనము, వచనము తెగినచోట అభినయము. ఒక గడియ యేడ్చిన సభ మరు గడియ పొట్ట చెక్కలగునట్లు నవ్వును.

ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథలో ఒక్కడే సర్వము నిర్వహించును. అది ఒంటరి ఏనుగు నడక వంటిది. బుర్రకథ మూడెడ్ల బండి వంటిది. ముగ్గురిలో ఎవరు తడబడినను బండి ఒరుగును. నాజరుగారు ఉత్తమ కథకులే గాక వంతలకు తగిన చోటిచ్చి వారిని వెలిగించిన గురువులు. ఎందరో శిష్యులు వారి బాణీ నందుకొని దళములు కట్టుకొనిరి. అందుచేతనే లోకము వారిని బుర్రకథా పితామహుడని గౌరవించినది.

పల్నాటి యుద్ధము

వారి కథలలో బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు, వంగదేశపు కరువు మున్నగునవి ప్రసిద్ధములు. మన సీమవారికి ప్రాణప్రదమైనది పల్నాటి యుద్ధము.

పండ్రెండవ శతాబ్దిలో జరిగిన ఆ దాయాదుల పోరు మనకు క్రొత్త గాదు. నాగులేటి యొడ్డున కారెంపూడిలో ఏటేట కార్తీక అమావాస్య మొదలు ఐదు దినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో వీరుల తిరునాళ్ళు జరుగుచున్నవి. వీరవిద్యావంతులు పంబ మ్రోగించుచు బ్రహ్మనాయుని, బాలచంద్రుని, కన్నమదాసుని కథలు గానము చేయుదురు. శ్రీనాథుడంతటి కవిసార్వభౌముడు ఈ కథను ద్విపదలో రచించెనని ప్రతీతి. రాజాస్థానములయందు కనకాభిషేకమందిన కవికి సైతము ప్రజలు పాడుకొను ఛందస్సే ఈ కథకు తగినదని తోచినది కాబోలు. ఆ ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చొత్తించి పండితలోకమునకు అందించిరి.

కాగా నాజరుగారు ఆ కథను బుర్రకథగా రచించి, కారెంపూడి యెన్నడును చూడని ఊళ్ళవారికి గూడ అందించిరి. వీరవిద్యావంతుల గానము వీరుల గుడియొద్ద ఆరాధనముగా సాగునది. దానికి ఋతువున్నది, నియమమున్నది. నాజరుగారి కథ సంతబయలున సాగునది. దానికి కులము లేదు, కాలము లేదు. చాపకూటి పంక్తిలో అన్ని కులములను కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని కథను, ఒక పేద ముస్లిము గాయకుడు సర్వజనుల నడుమ నిలిచి పాడుచుండగా, ఆ కథకు అంతకంటె వ్యాఖ్యానమేమి కావలయును?

నా యీడువారు శ్రీరామనవమి పందిళ్ళలో బుర్రకథలు విని పెరిగినవారే. పిదప చదువులని, ఉద్యోగములని పట్టణములు చేరి, సినిమాపాటల హోరులో ఆ బాణీని మరచితిమి. ప్రబంధములు స్వయముగా చదువుకొను కాలమున ద్విపద, రగడల నడక నాకు అబ్బుటలేదు. ఒకనాడు గుమ్మెట దరువు జ్ఞప్తికి వచ్చి, దానికి సరిగా చదువుకొనగా రగడ దానంతట అదియే నడచినది. నాడు తెలిసినది, చిన్ననాడు చెవిలో పడిన లయ యెన్నటికిని నశింపదని. నివురు గప్పిన నిప్పువలె అది లోపల నిలిచియే యుండును.

కష్టములు, కీర్తి

కళ ప్రజలయొద్దకు చేరిన కొలది పాలకులకు కంటగింపైనది. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దినములలో, 1948 ప్రాంతమున, కమ్యూనిస్టు పక్షముతోపాటు ప్రజానాట్యమండలియు నిర్బంధమునకు గురియైనది. దళములు చెదరినవి. ముగ్గురు మనుష్యులు, ఒక తంబుర గలిసిన ప్రభుత్వమే బెదరునన్నచో, ఆ తంబురకు గల బలమెంతయో గ్రహింపవచ్చును.

నిర్బంధము సడలిన పిమ్మట నాజరుగారు మరల కథ కెత్తుకొనిరి. 1954లో వెలువడిన అగ్గిరాముడు చలనచిత్రమున వారు దళముతో చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ తెనుగుదేశమంతట మార్మ్రోగినది. అనేకులు ఆ చిత్రకథను మరచిరి గాని ఆ బుర్రకథను మరువలేదు. మరికొన్ని చిత్రములయందును వారి కథలు గలవు. ఆసామి యను నాటకము రచించి, అందు నటించి నటుడుగాను ప్రశంసలందిరి. ఐనను వెండితెర వారిని కట్టిపడవేయలేదు. వారి సభ పల్లెటూరి బయలే.

1986లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీ బిరుదముతో సత్కరించినది. ఒకనాడు ప్రభుత్వము అనుమానించిన తంబురనే పిదప ప్రభుత్వము గౌరవించుట కాలమహిమ. వృద్ధాప్యమున వారు తమ జీవితమును చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తిగారు 'పింజారి' గ్రంథముగా కూర్చిరి. 1997వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన, డెబ్బదియేడేండ్ల వయస్సున, నాజరుగారు పరమపదించిరి.

మన కర్తవ్యము

మహనీయుని జీవితము చదివి చేతులు జోడించుటతో మన పని తీరదు. బుర్రకథ నేటి స్థితి యేమి? కుటుంబ నియంత్రణము మొదలు ప్రభుత్వ పథకముల ప్రచారము వరకు బుర్రకథను పెక్కు పనులకు వాడుకొనిరి. ప్రచారము తప్పు గాదు, నాజరుగారును చేసిరి. వారి ప్రచారములో ముందు కథయుండెను, రసముండెను. కథ పోయి ప్రకటన మాత్రము మిగిలినచోట జనులు లేచిపోయిరి. నేడు మన తిరునాళ్ళ వేదికలపై తంబురకు బదులు పెద్దపెట్టెల హోరే వినవచ్చుచున్నది.

వీరవిద్యావంతుల స్థితియు అంతంత మాత్రమే. జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు సముద్రములు దాటి మన పల్నాటికి వచ్చి, వారి గానమును యంత్రములో ధ్వనిబద్ధము గావించి, 1982లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. ఇంటిలోని నిధికి పొరుగువాడు వెల కట్టిన పిదపనే మనము కన్నులు తెరతుమా?

ఈ విషయమున మన గ్రంథాలయము చేయదగిన పని గలదు. అచ్చైన బుర్రకథల ప్రతులను సేకరించి ఒక బీరువా ప్రత్యేకింపవచ్చును. మన ఊరి వృద్ధులకు వచ్చిన తత్త్వములు, ఊడ్పుపాటలు, పెండ్లిపాటలు వారి నోట పాడించి, నేడు ఇంటింట గల చేతిఫోనులలోనే పదిలపరచి, ఎవరు పాడిరో, ఎవరి వలన నేర్చిరో ఒక పుస్తకమున వ్రాసియుంచవచ్చును. ఆ పద్దు వ్రాయు భారము నేను వహింతును. ఏటికొక్క రాత్రి ఒక బుర్రకథ దళమును పిలిచి, సంభావన ముందుగానే చేతబెట్టి, మర్యాదతో కథ చెప్పింపవచ్చును. సంగీతము నేర్చుకొను మన బాలబాలికలను ముందు వరుసలో కూర్చుండబెట్టవలయును. కీర్తన నేర్చినవారు పల్లెపాటను విడువనక్కరలేదని, నేర్చిన కొలది దాని సొంపు మరింత తెలియుననియు వారికి నాజరుగారి జీవితమే సాక్ష్యము.

పుస్తకములు చదువువారికి గ్రంథాలయము. చదువలేనివారికి గాయకుని గొంతే గ్రంథాలయము. రెండవదానికి బీరువాలు లేవు, తాళములు లేవు. గొంతు మూగవోయిన నాడు గ్రంథములన్నియు ఒక్కసారిగా నశించును. రజతోత్సవము జరుపుకొను మన సంస్థ ఆ రెండవ గ్రంథాలయమును గూడ తనదిగా భావించి కాపాడి, స్వర్ణోత్సవము నాటికి మన ఊరి పిల్లలలో ఒక్కరైనను తంబుర మీటి పల్నాటి కథ నెత్తుకొనునట్లు చేయుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.